పిట్టల కోసం రెండు రాత్రులు: క్యారవాన్ తీసుకోవాలా, కారు చాలా, లాడ్జి మేలా?

మా విజయనగరంలో క్యారవాన్ అంటే ఇప్పటికీ షూటింగుకొచ్చిన హీరోగారి బండే. ఆ బండి మనమూ అద్దెకు తీసుకోవచ్చని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని పిట్టల్ని చూసి రావచ్చని మా బావమరిది చెప్పినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అమ్మ. డెబ్బై దాటిన మనిషి. "బాత్రూం బండిలోనే ఉంటుందట్రా!" అన్నది ఆవిడ మొదటి మాట.

ఆ మాటతో మొదలై మూడు చలికాలాల్లో మూడు రకాలుగా వెళ్లొచ్చాం. మొదటిసారి అద్దె క్యారవాన్. రెండోసారి నేనూ మా అబ్బాయీ మాత్రమే, కారు వెనక సీట్లు మడిచి పరుపు వేసుకుని. మూడోసారి టెక్కలిలో గది తీసుకుని అందరం. ఇప్పుడు ఎవరైనా ఏది మంచిదని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: తెల్లవారుజామున ఐదున్నరకి మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? సంక్రాంతి రోజుల్లో మన వైపు ఆరున్నరకి అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. అంతకు ముందు అరగంట, ఆ తర్వాత రెండు గంటలు, పిట్టల సందడి ఎక్కువగా కనిపించేది అప్పుడే. రాత్రి పడుకునే చోటు అక్కడికి ఎంత దగ్గరన్నదే అసలు లెక్క. బండి దాని తర్వాత.

ఎక్కడికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

శ్రీకాకుళం జిల్లాలో పిట్టలంటే అందరూ రెండు ఊళ్ల పేర్లు కలిపి చెప్తారు: తేలినీలాపురం, తేలుకుంచి. పేర్లు జంటగా వినిపిస్తాయి కాబట్టి ఒకే ట్రిప్పులో రెండూ చూసేద్దామనుకుంటారు. మేమూ అలాగే అనుకుని జనవరిలో టెక్కలి నుంచి ఇచ్ఛాపురం వైపు మరో 80 కిలోమీటర్లు పోయి తేలుకుంచిలో దిగాం. చెట్లున్నాయి, పాత గూళ్లున్నాయి, పిట్టల్లేవు. అక్కడికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. అవి తొలకరితో వస్తాయి. వానాకాలమంతా చెరువుల్లో, వరిమడుల్లో నత్తలు తిని పిల్లల్ని పెంచుకుంటాయి. చలి ముదిరేసరికి గూళ్లు ఖాళీ చేస్తాయి. తేలుకుంచికి ఆగస్టులో గొడుగు పట్టుకుని వెళ్లాలి. చలికాలం ప్లాన్లో దాని పేరు కొట్టేయండి.

చలికాలానికి తేలినీలాపురమే. టెక్కలి మండలం, హైవే దిగాక పల్లె రోడ్డు. సెప్టెంబరు చివర, అక్టోబరులో గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితో పాటు ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఇక్కడి గొప్పతనమేంటంటే పిట్టల్ని చూడ్డానికి అడవిలోకి పోనక్కర్లేదు. అటవీ శాఖ వాచ్ టవర్ ఉంది గానీ, ఊరి వీధిలో నిలబడి తల పైకెత్తినా చాలు.

క్యారవాన్‌లో వెళ్లినప్పటి తెల్లవారుజాము ఇంకా కళ్ల ముందుంది. ధనుర్మాసం. ఒకావిడ కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. ఆమె తల మీద, నాలుగు నిలువుల ఎత్తున, చింతచెట్టు కొమ్మ మీద బూడిదరంగు గూడబాతు ఒకటి వచ్చి వాలింది. అంత బరువైన పిట్ట కదా, కొమ్మ కిందికి ఊగి మళ్లీ లేచింది. గూట్లో పిల్ల తన తలనీ మెడనీ తల్లి ముక్కు కిందున్న సంచిలోకి దూర్చేసింది. ఎంత లోపలికంటే, తల్లి పిల్లని మింగుతోందేమోనని మా అబ్బాయి నా చెయ్యి పట్టేసుకున్నాడు. పిల్ల తల బయటికి తీసేసరికి చేప దాని గొంతులో ఉంది. కింద నేలంతా సున్నం చల్లినట్టు రెట్టలు, గాలంతా చేపల వాసన. ముగ్గు వేస్తున్నావిడ మాత్రం తల కూడా ఎత్తలేదు. "మా ఊరి ఆడపిల్లలు బాబూ ఇవి. పురిటికొచ్చేయి. పిల్లలెగిరినాక ఎల్లిపోతాయి" అంది.

ఈ పిట్టలు సైబీరియా నుంచి వస్తాయని చాలాచోట్ల రాసేస్తుంటారు. అది పొరపాటు. ముక్కు మీద చుక్కలుండే ఈ గూడబాతు మన దేశం, శ్రీలంక, ఆగ్నేయాసియాల పిట్ట. ఎర్రకాళ్ల కొంగ కూడా ఈ గడ్డదే. నీళ్లూ మేతా చూసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదులుతాయి, అంతే. ఆవిడ చెప్పిన పురిటి మాటే నిజానికి దగ్గర. ఇది మీ ఎంపికకీ పనికొస్తుంది: గూళ్లు, గుడ్లు, పిల్లల్ని మేపడం చూడాలంటే తేలినీలాపురం. నిజంగా హిమాలయాలు దాటొచ్చిన చారల తల బాతుల్ని, ఉత్తరాది చలిదేశాల నుంచి దిగిన సూదితోక బాతుల్ని గుంపులుగా చూడాలంటే ఇచ్ఛాపురం దాటి, బరంపురం మీదుగా ఒడిశాలోని చిలికా సరస్సుకు పోవాలి. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు 1981లోనే దానికి వచ్చింది. రెండు రాత్రుల్లో రెండూ అంటే బండిలో కూర్చోవడమే అవుతుంది. చిలికాకి ఇంకో రెండు రాత్రులు విడిగా పెట్టుకోండి.

తేలినీలాపురానికి జంటగా నౌపడ తంపర పెట్టుకోండి. తంపర అంటే మన వైపు పల్లపు చిత్తడి నేల. ఊరి చెట్ల మీద కాపురముండే పిట్టలు మేతకి వెళ్లేది ఇలాంటి చోట్లకే. ఉప్పు మడుల గట్ల మీద ఉదయం నడిస్తే ఉల్లంకులు, తెల్లకొంగలు, గుడ్డికొంగలు, లకుముకి పిట్టలు కనిపిస్తాయి. పైన గరుడపక్షి తిరుగుతుంటుంది. ఇక్కడ బండి ఎంత చిన్నదైతే అంత మంచిది. గట్టు మీదకి బండి ఎక్కించకండి. అది ఎవరో చెమటోడ్చి కట్టుకున్న మడి గట్టు.

ఇంకా ఉత్తరంగా సోంపేట బీల ఉంది, అదీ చిత్తడి నేలే. థర్మల్ ప్లాంటు కోసం ఆ నేల ఇవ్వబోమని జనం తిరగబడితే 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన చోటు. బైనాక్యులర్లు మెళ్లో వేసుకుని ఎవరైనా కొత్తవాళ్లు అక్కడ తిరిగితే ఊరివాళ్లు ఎవరు మీరని అడుగుతారు. అడగాలి కూడా. నవ్వుతూ చెప్పండి, దారి వాళ్లే చూపిస్తారు.

విజయనగరం వైపు నుంచి ఎక్కువ దూరం వద్దనుకుంటే గంట్యాడ మండలంలో తాటిపూడి రిజర్వాయరు ఉంది. గోస్తని మీద కట్టింది, విశాఖకి తాగునీళ్లు వెళ్లేది ఇక్కడి నుంచే. చుట్టూ కొండలు, నీటి కాకులు, చెట్ల పిట్టలు. గూడబాతుల సంత లాంటి సందడి ఉండదు గానీ నడకకీ, పిల్లల ఆటకీ, ఒక పూట పిక్నిక్కీ బావుంటుంది. పడవ షికారు కోసమే వెళ్తుంటే బోటు నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. పార్వతీపురం వైపు వెళ్లేవాళ్లకి ఒక్క మాట: అటు కొన్నేళ్లుగా ఏనుగుల గుంపు తిరుగుతోంది. చెరకు తోటల పక్కన, అరటి తోటల పక్కన బండి ఆపుకుని పడుకునే ఆలోచన అస్సలు వద్దు.

క్యారవాన్: అమ్మకి నచ్చింది, ఊరి రోడ్డుకి నచ్చలేదు

మాకు దొరికింది టెంపో ట్రావెలర్ అంత బండి. రెండు మంచాలు, చిన్న సింకు, ఫ్రిజ్, వెనక మూల బాత్రూం. హైవే మీద రాజాలా పోయింది. మడపాం దగ్గర వంశధార బ్రిడ్జి మీద అమ్మ కిటికీ దగ్గర కూర్చుని టీ తాగింది. ఆ ఒక్క ఫొటో కోసం అద్దె గిట్టిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పల్లె రోడ్డు మీద కథ మారింది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. పక్కకి తీద్దామంటే మెత్తటి మట్టి అంచు. బండి పైకప్పు చింతకొమ్మకి గీసుకుంటూ పోయిన చప్పుడు మా డ్రైవరు ఏడుపు మొహంతో విన్నాడు. చివరికి బండి హైవే దగ్గరే వదిలి ఆటో మాట్లాడుకున్నాం. పిట్టల పక్కనే నిద్ర లేద్దామని తీసుకున్న బండి, పిట్టలకి ఆమడ దూరంలో ఆగిపోయింది. మేం పైన చెప్పిన తెల్లవారుజాము చూసింది ఆటోలో వెళ్లే.

రెండో కష్టం కరెంటు. ఏసీ, ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు అన్నీ ఉన్నాయని చూపిస్తారు. ఎంతసేపు నడుస్తాయో అడగాలి. లెక్క తేలికే. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ అంటే కాగితం మీద 1,200 వాట్ అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, లేదంటే త్వరగా పాడవుతుంది. అంటే 600. చిన్న ఫ్రిజ్ సగటున 25 వాట్లు లాగినా 24 గంటల్లో అది ఒక్కటే ఆ మొత్తం తినేస్తుంది. లిథియం బ్యాటరీ అయితే నిండులో ఎనభై శాతం పైగా వాడుకోవచ్చు. అందుకే "బ్యాటరీ ఏ రకం, ఎన్నాళ్ల కిందటిది?" అని అడక్కుండా అడ్వాన్సు ఇవ్వకండి. మాకిచ్చిన బండిలో రాత్రి రెండు గంటలకే ఫ్యాను ఆగిపోయింది. ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫ్రిజ్ గురించి నా సలహా ఏంటంటే దాన్ని ఆపేసి ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చుకోండి. ఇది సముద్రం పక్క జిల్లా, చేపల బేరం చేసేవాళ్ల దగ్గర ఐస్‌కి కరువుండదు. ఏసీ అయితే డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ అక్కరే ఉండదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోవడం మాత్రం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. మూసిన బండిలో పొయ్యి వెలిగించడమూ అంతే. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, మెలకువ రాదు.

బాత్రూం సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి, ఎందుకంటే క్యారవాన్ తీసుకునేవాళ్లలో సగం మంది దానికోసమే తీసుకుంటారు. పెద్దవాళ్లకి, ఆడవాళ్లకి రాత్రిపూట అదొక పెద్ద ధైర్యం. కానీ ఆ ట్యాంకు నిండాక ఎక్కడ ఖాళీ చేస్తారు? విదేశాల్లోలాగా దానికోసం కట్టిన చోట్లు మన హైవే పక్కన నాకు కనిపించలేదు. తంపరలో, గెడ్డలో (వాగులో) వదిలేస్తే అంతకన్నా పాపం లేదు. మేం రాత్రి అవసరాలకి మాత్రమే వాడి, పగలు పెట్రోలు బంకులూ హోటళ్లూ చూసుకున్నాం, బండి తిరిగిచ్చాక ఓనరు చోట ఖాళీ చేయించాం. ఇదీ ముందే మాట్లాడుకోవాలి.

అద్దె మాట్లాడేటప్పుడు రోజు రేటు విని తల ఊపేయకండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, డ్రైవరు బత్తా ఎవరిది, రాత్రి డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు, ఈ నాలుగూ అడగండి. నాలుగోది మేం అడగలేదు. పాపం ఆ అబ్బాయి ముందు సీట్లో ముడుచుకు పడుకున్నాడు, మాకు నిద్ర పట్టలేదు. నంబరు ప్లేటు కూడా చూడండి. డ్రైవరుతో వచ్చే అద్దె బండికి పసుపు ప్లేటు, మనమే నడుపుకునే దానికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండి అద్దెకిస్తామంటే తప్పుకోండి, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఇరుక్కుంటారు. చిలికా దాకా వెళ్లాలంటే ఒడిశా పర్మిట్ సంగతి తేల్చుకున్నాకే బయల్దేరండి.

అయితే క్యారవాన్ దండగా అంటే, కాదు. నాలుగైదు రాత్రుల ప్రయాణానికి, హైవే వెంట కళింగపట్నం, బారువ బీచ్‌లు, చిలికా అనుకుంటూ పోయేవాళ్లకి, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకి బావుంటుంది. రెండు రాత్రులకి, అదీ పల్లె పిట్టల కోసం అయితే, నేను మళ్లీ తీసుకోను.

సొంత కారు: పిట్టల పిచ్చి ఉన్న ఇద్దరికి

వెనక సీట్లు పూర్తిగా మడిస్తే నేల సమంగా వచ్చే కారైతే చాలు. మాది అంత సమం కాదు, తల వైపు రెండు పాత దుప్పట్లు ఎత్తు పెట్టాం. ఊరి పెద్దని అడిగి బడి పక్కన ఖాళీ జాగాలో ఆపుకున్నాం. ఐదుంబావుకి లేచి, నడిచి చెట్ల కిందికి వెళ్లాం. ఆ ముందు ఏడాది ఆటో కోసం హైవే మీద నిలబడ్డ టైముకి ఈసారి మేం గూళ్ల కింద ఉన్నాం.

కష్టాలూ ఉన్నాయి. కిటికీలు పూర్తిగా మూస్తే ఊపిరాడదు, తెల్లారేసరికి అద్దాలన్నీ లోపలి నుంచి చెమర్చి మా పరుపు తడిసింది. తెరిస్తే తంపర దోమలు. రెండు కిటికీలు రెండేసి అంగుళాలు దించి, దోమతెర గుడ్డ కోసి తలుపు మీద నుంచి తొడిగాం, అప్పుడు కుదిరింది. కొబ్బరిచెట్టు కింద బండి పెట్టకండి, కారణం చెప్పక్కర్లేదు. గూళ్ల చెట్ల కింద అసలు పెట్టకండి. మేం పగలు ఒక్క గంట పెట్టినందుకు బానెట్ మీద పడ్డ రెట్ట ఎండి, రంగు మీద మచ్చలు మిగిలాయి. ఇసుకలోకి కారు దింపే సరదా కళింగపట్నంలో తీర్చుకోబోయి సరుగుడు తోట పక్కన కూరుకుపోయిన ఒక కుటుంబాన్ని మేమూ ఓ చెయ్యి వేసి తోశాం.

ఖర్చు పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. మా ఇంటి నుంచి అక్కడికి, చుట్టూ తిరుగుడుతో కలిపి రానూపోనూ దాదాపు 350 కిలోమీటర్లు. లీటరుకి తొమ్మిది ఇచ్చే వ్యానుకి 39 లీటర్లు. పదహారు ఇచ్చే కారుకి 22. హైవే మీద తరచూ తిరిగేవాళ్లయితే 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత కారుకే పనికొస్తుంది, అద్దె బండికి చెల్లదు.

లాడ్జి: చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు

టెక్కలి లాడ్జి గదిలో ఫొటో తీసుకోవడానికేమీ ఉండదు. వేడినీళ్లు బకెట్లో వచ్చాయి, పక్కగదిలో పెళ్లివాళ్లు అర్ధరాత్రి దాకా పేకాడారు. కానీ అమ్మ కాళ్లు చాపుకుని పడుకుంది, మా ఆవిడ తలస్నానం చేసింది. తెల్లవారుజామున నేనూ అబ్బాయీ కారు తీస్తే కాసేపట్లో ఊళ్లో ఉన్నాం. ఆడవాళ్లు ఎనిమిదింటికి టిఫిను చేసి తాపీగా ఆటోలో వచ్చారు. నలుగురున్న కుటుంబానికి నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త: గది మాట్లాడుకునేటప్పుడే తెల్లారగట్ల ఐదింటికి గేటు తీస్తారా అని అడగండి. మేం ఆ వాచ్‌మన్‌ని లేపడానికి పావుగంట హారన్ కొట్టాం, పెళ్లివాళ్ల మీద పగ తీరింది అనుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నది మూడింటికీ ఒకటే. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది ఈ వైపే. సంక్రాంతి వారంలో టోల్ గేట్ల దగ్గర బండ్ల బారు, రథసప్తమికి అరసవల్లి రద్దీ. ఆ రెండూ తప్పించి జనవరి చివరనో ఫిబ్రవరి మొదట్లోనో వెళ్తే గూళ్లలో పిల్లలు పెద్దవై రెక్కలు విదిలిస్తూ ఉంటాయి.

బైనాక్యులర్లు కొనాలా అంటే, తేలినీలాపురం వరకు అవసరం లేదు, తంపరకి కావాలి. 10x50 (పది రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 50 మి.మీ.) పెద్దది కదా అని కొన్నాను, చేతులు వణికితే పిట్ట కూడా వణుకుతుంది. అబ్బాయికి కొన్న 8x42 తేలిక, దృశ్యం నిలకడగా ఉంటుంది. ఇప్పుడు నేనూ దాన్నే లాక్కుంటున్నాను. టపాకాయల చప్పుడు, బ్లూటూత్ స్పీకరు, డ్రోను మూడూ ఇంట్లోనే వదిలేయండి. బెదిరిన తల్లి గూడు వదిలి లేస్తే కాకులు గుడ్ల కోసం కాచుకుని ఉంటాయి.

ఈ ఏడాది మాకు గది టెక్కలిలోనే. అబ్బాయి మాత్రం ఒక రాత్రి కారులో పడుకుంటానని ఇప్పటి నుంచే గొడవ. వాడితో నేనూ పడుకోక తప్పదు కాబట్టి దోమతెర గుడ్డ ఉతికి ఆరేశాను. అమ్మ తేగలు కాల్చి మూట కట్టిస్తానంది, దారిలో తినడానికి.